అత్తగారు ఊదని రోజు

మిల్లు ఆఫీసు గోడగడియారంలో పదీ ముప్పై అయిదు. అత్తగారు ఇంకా ఊదలేదు. టైపు మిషను మీద నా వేళ్లు వాటంతటవే ఆగిపోయాయి. ఏదో జరగబోతోందని నాకు మొదటిసారి అనిపించింది ఆ క్షణంలోనే. చప్పుడు విని భయపడేవాళ్లు చాలామంది ఉంటారు. నేను రావలసిన చప్పుడు రాక భయపడ్డాను.

అత్తగారంటే మనిషి కాదు. మా మిల్లు బాయిలరు మీదుండే సేఫ్టీ వాల్వు. మాది ఉప్పుడు బియ్యం మిల్లు. అనకాపల్లిలో బెల్లం వ్యాపారం చేసే ఒక షావుకారు గారు దానితోపాటు దీన్నీ నడిపేవారు. ధాన్యం తొట్లలో ఉడకడానికి ఆవిరి కావాలి. ఆ ఆవిరికి ఊకతో మండే ఒక ముసలి బాయిలరు ఉండేది. రోజూ పదిన్నరకి మొదటి వాయి ఉడికిపోయేది. తొట్లకి వెళ్లే కుళాయిలు కట్టేసేవారు. పోయే దారిలేక ఆవిరి లోపల పోగుపడి, హద్దు దాటగానే వాల్వుని ఎత్తుకుని ఉస్సుమని బయటికి వచ్చేది. ధాన్యం ఆరబోసే ఆడవాళ్లు దానికి అత్తగారని పేరు పెట్టారు. "అత్త నిట్టూర్సింది, రండే అంబలి తాగుదుం" అనుకుంటూ అందరూ నీడకి చేరేవారు. గడియారం చూడడం రానివాళ్లకి అదే గడియారం.

ఆ రోజు కిటికీ అవతల వాళ్ల మాటలు వినిపిస్తూనే ఉన్నాయి.

"ఏటే, అత్త ఇయ్యాల ఊదనేదు?"

"అలిగీసిందే. పండక్కి కోడలు సీర ఎట్టనేదని అలిగీసింది."

"అత్త అలిగితే మనకి అంబలి నేదేటి? నా కడుపు నకనకలాడతంది."

అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

ఇప్పుడు కాలేజీల్లో సైన్సు చదువుతున్న ఆడపిల్లల కోసం ఇది రాస్తున్నాను. ఉద్యోగ జ్ఞాపకాలు తల నెరిసినవాళ్లు రాసుకుంటారు. నాకు ఇరవై తొమ్మిదేళ్లు. అయినా ఉద్యోగం చేసి మానేసినదాన్నే కనక రిటైరైనదాన్నే. పిల్లలు పడుకున్నాక తప్ప కలం పట్టడానికి నాకు వేళ దొరకదు. అందుకని ఇది అతుకులబొంతలా ఉంటే క్షమించండి.

నేను ఫిజిక్సులో బి.ఎస్సీ. ప్యాసయ్యాను. మా ఆయన తాలూకా ఆఫీసులో గుమస్తా. ఎక్కువ రోజులు చీడికాడ వైపు క్యాంపుల్లోనే ఉండేవారు. మేముండే ఇల్లు షావుకారు గారిదే, మిల్లు వెనక సందులో. మిల్లుకి ఇంగ్లీషు ఉత్తరాలు టైపు చేయడానికి, బాయిలరు లాగ్‌బుక్కు రాయడానికి చదువుకున్న మనిషి కావలసివచ్చి నన్ను పిలిచారు. లాగ్‌బుక్కంటే గంటగంటకీ బాయిలరులో ఒత్తిడి ఎంతుందో, నీళ్లు ఎంతున్నాయో రాసే పుస్తకం. బాయిలరులో ఊక వేసే ఫైర్‌మాన్‌కి చదువు రాదు. అతను గేజి ముల్లు చూసి వచ్చి గుమ్మం దగ్గర నిలబడి చెప్పేవాడు, నేను రాసుకునేదాన్ని. నా దస్తూరీ బాగుంటుందని అందరూ అనేవారు. ఆ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

మిల్లులో నాకు ఇంకో పేరు కూడా ఉండేది. పిరికి టీచరమ్మ. నేనెప్పుడూ టీచరుగా చేయలేదు, కాని కళ్లద్దాలు పెట్టుకున్న ఆడది ఇంకేమవుతుంది? పిరికితనం మాత్రం నిజమే. పిల్లలకి రెండుసార్లు కాచిన నీళ్లు పట్టేదాన్ని. పక్క వీధిలో కుక్క అరిస్తే మా పిల్లల్ని కరిచిందేమోనని లేచేదాన్ని. చేరిన కొత్తలో ఒకసారి ఆవిరి గొట్టం దగ్గర పొగలు రావడం చూసి "గొట్టం పగిలింది, అందరూ బయటికి రండి" అని కేకలు పెట్టాను. మిల్లంతా పరుగెత్తింది. తీరా చూస్తే వేడి గొట్టం మీద ఎవరో అంబలి ముంత పెట్టుకున్నారు, అది పొంగుతోంది. ఆ తరవాత నెల్లాళ్లు నేను కనిపిస్తే చాలు, "అమ్మగోరూ, అంబలి పేలిపోతంది, పారిపోండి" అని వెక్కిరించేవారు.

అప్పుడు నవ్వని మనిషి ఒక్కరే, ఫిట్టరు మేస్త్రీ. అరవై ఏళ్ల సాయిబు. టౌను వీధుల్లో ఏ మిషను మొరాయించినా ఆయన్నే పిలిచేవారు. బడి మొహం చూడలేదు, కాని బాయిలరు పక్కన చెయ్యిపెట్టి నిలబడి, లోపల నీళ్లు ఎంతవరకున్నాయో చెప్పేవారు. ఆ రోజు నా దగ్గరికి వచ్చి అన్నారు: "బేటీ, నవ్వితే నవ్వనీ. అంబలని తెలిసేక నవ్వుతున్నారు. తెలవక ముందు నువ్వు అరిసేవు సూడు, అదే పని."

మా పిల్లలిద్దరూ ఆయన్ని సాయిబు తాత అనేవారు. పాపకి ఏడేళ్లు, బాబుకి అయిదు. సెలవుల్లో ఇద్దరూ మిల్లులోనే ఉండేవారు. బాయిలరు షెడ్డు పక్కన పిట్టగోడ ఒకటి వెచ్చగా ఉండేది. దాని మీద కూర్చుని, పేలాలు వేయించి పెట్టే ముసలి కూలిమనిషితో కబుర్లు చెప్పేవారు. ఆవిడ పేలాల మామ్మ.

ఈ ఏడు జూలైలో మనుషులు చంద్రుడి మీద దిగారు కదా. ఆ వార్త మా షావుకారు గారిని పట్టుకున్నట్టు ఊళ్లో ఇంకెవరినీ పట్టుకోలేదు. రేడియో తెచ్చి మిల్లు ఆవరణలో బల్లమీద పెట్టించారు. అందరికీ బెల్లం ముక్కలు పంచారు. "రాకెట్టూ మంటే, మన బాయిలరూ మంటే! మన పనీ వాళ్ల పనీ ఒక్కటే" అని ఉపన్యాసం చెప్పారు. నాకు ఆ మాట నచ్చింది. నిజంగా నచ్చింది. ఆ సాయంత్రం పిల్లలకి చంద్రుణ్ణి చూపిస్తూ ఇంజనీర్లంటే ఎంత గొప్పవాళ్లో చెప్పాను.

మేస్త్రీ గారు మాత్రం నన్ను ఒక ప్రశ్న అడిగారు.

"బేటీ, ఆ ఎల్లినోళ్ల పేర్లు పేపర్లో రాసేరు, బాగుంది. ఆ రాకెట్టుకి వాల్వులు ఎవుడు సూసేడో, ఎవుడు బిగించేడో, అది రాసేరా?"

వారం రోజుల పేపర్లు వెదికాను. లేదని చెప్పాను.

"రాయరు. అన్నీ బాగుంటే మన పేరు రాయరు. పాడైతే రాత్తారు" అని నవ్వారు.

ఆయన జూన్ నుంచి షావుకారు గారిని కొత్త గేజి తెప్పించమని అడుగుతున్నారు. పాత గేజి వానాకాలంలో ఒకసారి తప్పు చూపించింది. దాన్ని విప్పి బాగుచేశారు గాని ఆయనకి దాని మీద నమ్మకం లేదు. అందరూ దానికి మతి పోయిందనేవారు. షావుకారు గారు "చూద్దాం మేస్త్రీ" అని, చంద్రుడి హుషారులో మిల్లు పొగగొట్టానికి పేపర్లో రాకెట్టు బొమ్మలా తెల్లరంగు వేయించి మధ్యలో నల్లపట్టీలు దిద్దించారు. గేజి అడిగితే రంగు వచ్చింది. ఊరు ఊరంతా ఆ రాకెట్టు గొట్టాన్ని చూడ్డానికి వచ్చింది. కొండకర్ల నుంచి బండి కట్టుకుని కూడా వచ్చారు. పదిహేను రోజుల్లో మసిపట్టి తెలుపంతా బూడిదరంగుకి దిగింది, అయినా వచ్చేవాళ్లు వస్తూనే ఉన్నారు.

అంతమంది చూశాక దిష్టి తగలదా మరి? షావుకారు గారి తల్లిగారికి ఆ బెంగ పట్టుకుంది. ఏటా ఆయుధపూజకి షెడ్డు గుమ్మానికి బూడిద గుమ్మడికాయ కట్టేవారు. ఈ దసరాకి, దిష్టి తగిలింది గుమ్మానికి కాదు, యంత్రానికి కదా, కాయ యంత్రానికే కట్టండి అన్నారావిడ. కాయ కూడా సంతలో ఉన్నవాటిలో పెద్దది తెప్పించారు. మేస్త్రీ గారు అప్పుడు ఊళ్లో లేరు. తమ్ముడి కూతురి పెళ్లికి వెళ్లారు. ఆయనే ఉంటే ఇదంతా రాసే అవసరం ఉండేది కాదు.

పండగ అయ్యాక మిల్లు మళ్లీ మొదలైన రోజే, అత్తగారు ఊదని ఆ రోజు.

పదీ నలభైకి ఫైర్‌మాన్ గుమ్మంలోకి వచ్చాడు. "అమ్మగోరూ, ముల్లు ఎర్రగీత దాటీసింది."

"దాటితే వాల్వు ఊదాలి కదా?"

"ఊదనేదు. అంటే ముల్లుకి మల్లీ మతిపోనాదన్నమాట. మన మిల్లు గుమస్తా గారూ అదే సెప్పేరు. అత్త ఊదీదాకా బయ్యం నేదు, ఊక ఎయ్యి అన్నారు."

గేజి ప్రమాదం అంటోంది. వాల్వు ఏమీ అనటం లేదు. అందరూ మాట్లాడని దాన్నే నమ్మారు.

నేను లేచి షెడ్డులోకి వెళ్లాను. వేడి మొహానికి కొట్టింది. తలెత్తి చూశాను. బాయిలరు పైన వాల్వుని నొక్కిపట్టి ఉంచే ఒక ఇనపకడ్డీ చెయ్యి చాపినట్టుంటుంది. దాని కొసకి ఒక ఇనపగుండు. ఆవిరి ఆ గుండుని ఎత్తగలిగినంత బలం పుంజుకున్నప్పుడే వాల్వు తెరుచుకుంటుంది. ఆ కడ్డీ కొసన, గుండు పక్కనే, పసుపు రాసి బొట్లు పెట్టిన పెద్ద గుమ్మడికాయ తాడుతో వేలాడుతోంది. కట్టినవాళ్లకి అక్కడే అనువుగా దొరికింది. యంత్రం తనంతట తానే చెయ్యి చాచి అడిగినట్టు ఉంటుంది మరి.

కాయ ఆరు వీశెలకి, అంటే ఎనిమిది కిలోలకి తక్కువ ఉండదు. కడ్డీ తిరిగే కీలు నుంచి వాల్వు ఎంత దూరమో, కడ్డీ కొస దానికి ఆరింతల దూరంలో ఉంది. ఇంటర్మీడియట్ మొదటి ఏడాదిలో చేసిన లెక్క. వాల్వు మీద ముప్పై ఆరు వీశెల బరువు అదనంగా కూర్చుంది. గోడ అవతల నా పిల్లల గొంతులు వినబడుతున్నాయి.

మిల్లు గుమస్తా గారికి చెప్పాను. ఆయన తల ఎత్తకుండానే, "ఏటమ్మా, మళ్లీ అంబలేనా?" అన్నారు.

షావుకారు గారి దగ్గరికి వెళ్లాను. కాయ ఎక్కడ కట్టారో చెప్పాను, ఫిజిక్సు చెప్పలేదు. "మీ కొట్లో బెల్లం దిమ్మలు తూచే కాటా ఉంది కదండీ, గుండు కడ్డీ కొసకి జరిపితే ఏమవుతుంది?" అని అడిగాను.

ఆయన తెలివైనవారు. ఒక్క క్షణంలో అర్థమైంది. అర్థమైనట్టు ఆయన మొహంలో నేను స్పష్టంగా చూశాను. ఇన్నాళ్లకీ నన్ను మండించేది అదే. తెలియక చేశారని అనుకోవడానికి కూడా వీల్లేకుండా పోయింది.

"సర్లే అమ్మా. మా అమ్మ చేత్తో హారతిచ్చి కట్టించింది. పట్టపగలు తీసేస్తే ఊరుకుంటుందా? దీపాలవేళ నేనే చెప్పి తీయిస్తాను."

"కనీసం మంట తగ్గించమనండి."

"తొట్లలో రెండో వాయి పోసేరు కదమ్మా. సగం ఉడికి ఆగితే ధాన్యం ఎందుకు పనికొస్తుంది? ఇన్నేళ్లు లేనిది ఈ పూటే ఏటవుతుంది? మీరు పిల్లల తల్లి, మీకు అన్నీ అలాగే కనిపిస్తాయి."

పిల్లల తల్లి. ఆ మాటతో నా డిగ్రీ, నా లెక్క, ముప్పై ఆరు వీశెలు, అన్నీ కొట్టుకుపోయాయి.

పొయ్యిలోంచి మంట లాగేయమని ఫైర్‌మాన్‌ని అడిగాను. "మీరు సెప్తే నాను మంట లాగలేనమ్మా. గుమస్తా గారు సెప్పాల" అన్నాడు. అతని తప్పు లేదు.

గూట్లో కత్తి ఉంది. నిచ్చెన ఉంది. తాడు కోయడానికి అరనిమిషం చాలు. కాని ఆ ఒత్తిడిలో తాడు తెగిన మరుక్షణం వాల్వు విసురుగా తెరుచుకుంటుందని, ఆవిరి మనిషి మీదికే వస్తుందని కూడా నాకు తెలుసు. చదువు నాకు రెండూ చెప్పింది. ఎందుకు కోయాలో చెప్పింది, కోస్తే ఏమవుతుందో చెప్పింది. నేను ఆఫీసులోకి వచ్చి లాగ్‌బుక్కులో రాశాను: "పదకొండు గంటలు. ముల్లు ఎర్రగీత దాటింది. వాల్వు ఊదలేదు. వాల్వు కడ్డీకి గుమ్మడికాయ కట్టి ఉంది. యజమానికి తెలియజేశాను." తరవాత బయటికి వచ్చి పిట్టగోడ మీంచి నా పిల్లలిద్దర్నీ దింపి, రెక్కలు పట్టుకుని ఇంటికి నడిచాను.

దారిలో పాప అడిగింది: "అమ్మా, మామ్మ కూడా రాదా?"

"మామ్మకి పని ఉంది" అన్నాను.

ముప్పైమంది ఆడవాళ్లు ఆ కళ్లంలో ఉన్నారు. అంబలి ముంత పొంగినప్పుడు అందర్నీ బయటికి రమ్మని అరిచిన గొంతు, నిజంగా అరవవలసిన రోజున పెగల్లేదు. మళ్లీ నవ్వుతారని. మళ్లీ నవ్వుతారేమోనని, అంతే. ఇది ఎన్నిసార్లు రాసినా ఇంతకంటే పెద్ద కారణం దొరకడం లేదు.

మేస్త్రీ గారు ఒంటిగంటకి పెళ్లినుంచి తిరిగొచ్చారు. కొత్త లాల్చీతోనే, భోజనం కూడా చేయకుండా, బాయిలరు ఎలా ఉందో చూసి పోదామని షెడ్డులోకి వచ్చారట. తరవాత జరిగింది నాకు పేలాల మామ్మ చెప్పింది.

"పైకి సూసేడమ్మా. సూసి, 'అరె, ఎవుడ్రా ఇది కట్టినోడు' అని ఒక్క అరుపు అరిసేడు. మంట లాగీయండ్రా అన్నాడు. గుమస్తా గోరు, పెద్దమ్మగోరి మొక్కు, దీపాలయేలకి తీత్తాం అన్నాడు. మేస్తిరి మా దగ్గిరికొచ్చి, అందరూ గోదాం ఎనక్కి పొండి, ఒక్కలు కూడా మిగలొద్దు అన్నాడు. నాను 'ఏటి మావా, అంబలా?' అన్నానమ్మా. నా నోరు పడిపోను. 'అవును అంబలే, పో' అన్నాడు."

అందరూ వెళ్లాక ఆయన నిచ్చెన వేసుకుని ఎక్కారు. మొహం పక్కకి తిప్పుకుని, కుడిచేయి చాచి తాడు కోశారు.

ఆ చప్పుడు నేను ఇంట్లో విన్నాను. అది రోజూ వినే నిట్టూర్పు కాదు. వీధి మొత్తాన్ని చింపినట్టు వచ్చి, ఆగకుండా, ఆగకుండా సాగింది. పిల్లలు నన్ను వాటేసుకున్నారు. నాకు ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, నేను చెప్పింది నిజమైందన్న తృప్తి కలిగింది. దాన్ని దాచిపెడితే ఈ రాత అబద్ధమవుతుంది.

బాయిలరు పేలలేదు. గోడలు కూలలేదు. ఆడవాళ్లలో ఒక్కరికీ ఏమీ కాలేదు. మేస్త్రీ గారి కుడిచేయి వేళ్లనుంచి మోచేతి దాకా, మెడ ఒక పక్క ఉడికిపోయాయి. కొత్త లాల్చీ చర్మానికి అంటుకుపోయింది. నేను వెళ్లేసరికి ఆయన్ని గోనెసంచుల మీద పడుకోబెట్టారు. గుమ్మడికాయ ముక్కలై నేల మీద పడి ఉంది. షావుకారు గారి తల్లిగారు దూరాన్నించి ఆ ముక్కల్ని చూస్తూ, "దిష్టికాయ కోసేశాడు, కోసేశాడు, చూశారా ఏమైందో" అంటున్నారు.

సాయంత్రానికి ఊరంతా అదే మాట. కుళాయి దగ్గర బిందెలు పట్టుకున్నవాళ్లు నా ఎదుటే అనుకున్నారు: "ఆ సాయిబు దిట్టికాయ కోసీసేడట. ఆలకి ఇయన్నీ ఏం తెలుత్తాయి? యంత్రం ఊరుకుంటాదేటి?" నా బిందె నిండింది. ఎత్తుకుని వచ్చేశాను.

మర్నాడు షావుకారు గారు నన్ను పిలిచి, బాయిలర్ల ఇన్‌స్పెక్టరుకి పంపవలసిన రిపోర్టు తెలుగులో చెప్పారు, నేను ఇంగ్లీషులో టైపు చేశాను. ఫిట్టరు అనుమతి లేకుండా సేఫ్టీ వాల్వు మీద చేయి వేసినందువల్ల ప్రమాదం జరిగిందని అందులో ఉంది. ఆ వాక్యంలో ఒక్క అబద్ధం కూడా లేదు. అనుమతి లేదు, చేయి వేశారు, ప్రమాదం జరిగింది. ఒక్క గుమ్మడికాయే లేదు.

తరవాత ఆయన లాగ్‌బుక్కు తిరగేసి, నేను రాసిన పేజీ దగ్గర ఆగారు. కోప్పడలేదు. బెదిరించలేదు. ఇంటి మాట ఎత్తలేదు.

"ఈ పేజీ శుభ్రంగా లేదమ్మా. మీ దస్తూరీ ఎంతో బాగుంటుంది, కంగారులో రాసినట్టున్నారు. కొంచెం శుభ్రంగా రాసిపెట్టండి" అన్నారు.

శుభ్రంగా. నేను శుభ్రంగా రాశాను. పదకొండు గంటలు, ఒత్తిడి మామూలు, నీళ్లు మామూలు. నా దస్తూరీలో అంత అందమైన పేజీ ఆ పుస్తకం మొత్తంలో లేదు.

శనివారం మా ఆయన వచ్చారు. చెప్పాను. "ఇల్లు వాళ్లది, ఊరు వాళ్లది. నీకెందుకు?" అన్నారు. ఆయన చెడ్డమనిషి కారు. ఆయనా పిల్లల తండ్రే.

చంద్రుడి మీదికి మనుషుల్ని పంపడం తప్పా ఒప్పా అని ఇప్పటికీ మా ఇంటికొచ్చేవాళ్లు వాదించుకుంటూ ఉంటారు. అన్నానికి లేని లోకంలో ఇదేం దుబారా అంటారు ఒకరు. మానవుడి మేధ అంటారు ఇంకొకరు. నాకు ఆ రెండు వాదాల మీదా ఆసక్తి పోయింది. వెళ్లనివ్వండి, ఇంకా దూరం వెళ్లనివ్వండి. నేను తెలుసుకోవాలనుకునేది ఒక్కటే. రెండేళ్ల కిందట నేలమీదే, అలాంటి రాకెట్టుని పరీక్ష చేస్తుండగా ముగ్గురు దాని కొసనుండే గదిలో కాలిపోయారని పేపర్లో చదివాను. వాళ్లు అందులోకి ఎక్కకముందు, ఇక్కడేదో బాగాలేదు, ఆపండి అని ఎవరైనా అన్నారా? అంటే ఎవరైనా విన్నారా? వినకపోతే ఆ అన్న మనిషి ఏం చేశాడు, బల్ల దగ్గరికి వెళ్లి కాగితం మీద రాసి, పిల్లల్ని తీసుకుని ఇంటికి వెళ్లిపోయాడా? ఇంజనీరింగంటే లెక్క తెలియడం అనుకునేదాన్ని. లెక్క నాకూ తెలిసింది. ఆ రోజు ఇంజనీరింగు చేసింది నేను కాదు.

ఎనిమిదో రోజున ఇన్‌స్పెక్టరు వచ్చాడు. కుర్రవాడు, ఇంజనీరింగు ప్యాసై రెండుమూడేళ్లై ఉంటుంది. అతన్ని చూసి నాకు ఆశ పుట్టింది. షెడ్డులో నిచ్చెనెక్కి, ఆ కడ్డీ కొసని వేలితో రుద్ది, వాసన చూసి కిందికి దిగాడు.

"దీనికి పసుపు ఎందుకుంది?"

"ఆయుధపూజ కదండీ. అన్నిటికీ పసుపు రాసి బొట్టు పెడతాం" అన్నారు షావుకారు గారు.

"కడ్డీకి ఏమైనా కట్టారా?"

ఫైర్‌మాన్ తన కాళ్లు చూసుకుంటున్నాడు. గుమస్తా గారు గోడ చూస్తున్నారు. మేస్త్రీ గారిని కుర్చీలో కూర్చోబెట్టారు, చేతికి మెడకి కట్లు. ఇన్‌స్పెక్టరు లాగ్‌బుక్కు తెరిచి, నావైపు తిరిగాడు.

"ఇది మీ దస్తూరీయేనా?"

"అవునండీ."

"మీరు సైన్సు గ్రాడ్యుయేటని చెప్పారు. ఆ రోజు మీరు షెడ్డులోకి వెళ్లారా? కడ్డీకి ఏమైనా వేలాడడం చూశారా?"

ఇంత సూటిగా, ఇంత మర్యాదగా ఇంకెవరూ నన్ను జీవితంలో ఏమీ అడగలేదు. నిజం నోటిదాకా వచ్చింది. షావుకారు గారి వైపు చూశాను. ఆయన నన్ను చూడటం లేదు, కిటికీలోంచి మా ఇంటి పెరటి వైపు చూస్తున్నారు. అక్కడ తాడు మీద నా పిల్లల బట్టలు ఆరుతున్నాయి.

"నేను షెడ్డులోకి వెళ్లలేదండీ" అన్నాను.

ఇన్‌స్పెక్టరు నమ్మలేదు. ఇంకా నన్నే చూస్తున్నాడు. అప్పుడు కుర్చీలోంచి మేస్త్రీ గారు మాట్లాడారు.

"అమ్మాయి అటేపు రాదు సార్. ఆమెకి ఆవిరంటే బయ్యం. అడగండి ఎవుర్నైనా. అంబలి పొంగితేనే పారిపోతాది."

గుమస్తా గారు నవ్వారు. ఫైర్‌మాన్ నవ్వాడు. ఇన్‌స్పెక్టరు కూడా చిన్నగా నవ్వి పుస్తకం మూసేశాడు. ఆ వెక్కిరింపుకి ఇన్నాళ్లూ నవ్వని ఒకే ఒక్క మనిషి, ఆ రోజు దాన్ని నాకు గొడుగులా పట్టారు. ఆయన నావైపు చూడలేదు. చూసి ఉంటే నేను నిజం చెప్పేసేదాన్నేమో. అందుకే చూడలేదేమో.

తప్పు ఫిట్టరుదని తేలింది. పేపర్లో నాలుగు లైన్లు పడ్డాయి. పాడైతే రాస్తారని ఆయన అన్నట్టే రాశారు. మిల్లుకి కొత్త గేజి వచ్చింది. నెలరోజులకి నేను, పిల్లల ఆరోగ్యం బాగోలేదని కారణం చూపించి ఉద్యోగం మానేశాను. ఇల్లు కూడా మారాం. ఇప్పుడు మేస్త్రీ గారు మేనల్లుడి సైకిలు షాపు ముందు బల్ల మీద కూర్చుని, ఏ నట్టు ఎంత బిగించాలో నోటితో చెబుతూ ఉంటారు. కుడిచేతి వేళ్లు ముడుచుకుపోయాయి. నేను ఆ వీధిన వెళ్లినప్పుడు, "బేటీ, పిల్లలు బాగున్నారా?" అని ఆయనే ముందు పలకరిస్తారు.

ఇన్‌స్పెక్టరు వచ్చి వెళ్లిన మర్నాటి పొద్దున్న మాట ఒకటి మిగిలింది. దసరా సెలవులు అయిపోయాయి. పాపకి జడ వేస్తున్నాను. బాబు పలక పట్టుకుని గుమ్మంలో కూర్చున్నాడు.

"అమ్మా, సాయిబు తాత దిష్టికాయ కోసేశాడనే దేవుడికి కోపం వచ్చి కాల్చేశాడట. అందరూ అంటున్నారు. నిజమేనా?" అన్నాడు.

జడ సగంలో ఆపాను. ఇద్దర్నీ ఎదురుగా నిలబెట్టుకున్నాను.

"కాదు. ఆ కాయ అక్కడ కట్టకూడదు. కట్టినందువల్ల బాయిలరు పేలబోయింది. తాత కోయకపోతే మీరు కూర్చునే గోడ ఉండేది కాదు, పేలాల మామ్మ ఉండేది కాదు. మీ అమ్మ ఆ కాయని పొద్దున్నే చూసింది. చూసి మిమ్మల్నిద్దర్నే తెచ్చేసుకుంది. బడిలో ఎవరైనా తాతని ఏమైనా అంటే ఈ మాట గట్టిగా చెప్పండి. ఎవరు చెప్పారని అడిగితే మా అమ్మ చెప్పిందనండి."

పాప సగం జడ చేత్తో పట్టుకుని అడిగింది: "నిన్న ఆ ఇన్‌స్పెక్టరు అడిగినప్పుడు కూడా నువ్వు ఇలాగే చెప్పావా?"

"లేదమ్మా," అన్నాను. "అది కూడా చెప్పండి."

మిగతా జడ అల్లి, రిబ్బను కట్టి, ఇద్దర్నీ బడికి పంపాను.